టెస్టింగ్ గోడ

విజయవాడ సింగ్ నగర్‌లో పున్నమ్మ ఎలక్ట్రికల్స్ ఎనిమిదిన్నరకి తెరుస్తారు. షట్టరు సగం లేవగానే వెంకటప్పయ్య వంగి లోపలికి దూరతాడు. అగరొత్తి వెలిగించి వాళ్లమ్మ ఫొటోకి దణ్ణం పెడతాడు, కొట్టు పేరు ఆవిడదే. తర్వాత కౌంటరు మీద రెండు మార్కరు పెన్నులు పెట్టుకుని కూర్చుంటాడు. ఎవరికి బల్బు అమ్మినా దాని తెల్లటి నడుం మీద తారీఖు రాసి, కింద 'వెం' అని ఒక్క అక్షరం వేసి ఇస్తాడు. బిల్లు పారేసుకున్నా ఫరవాలేదు, అట్టపెట్టె పారేసుకున్నా ఫరవాలేదు. ఆ తారీఖు నుంచి రెండేళ్లలోపు పోతే తెచ్చి కౌంటరు మీద పెడితే చాలు, మారుమాట లేకుండా కొత్తది చేతిలో పెడతాడు.

ఇదేం గొప్ప అంటారేమో. వేరే కొట్లలో అడిగి చూడండి, తెలుస్తుంది. అమ్మేటప్పుడు "రెండేళ్లు గ్యారంటీ మేడమ్" అంటారు. పోయాక తీసుకెళ్తే "డిస్ట్రిబ్యూటరు రాలేదండీ, సోమవారం రండి" అంటారు. ఆ సోమవారం ఈ జన్మకి రాదు. బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగిన ఏడాది, నీళ్లలో నానిన సరుక్కి వారంటీ లేదు పొమ్మంది కంపెనీ. వెంకటప్పయ్య మూడు రోజులు పొద్దస్తమానం ఫోన్లో వాళ్లతో పోట్లాడి, బల్బులేంటి, ఫ్యాన్లేంటి, కాలింగ్ బెల్లులేంటి, వీధి వీధంతటికీ మార్పించి పెట్టాడు. అందుకే ఆయనంటే అక్కడ అంత గౌరవం.

కాకపోతే టెస్టు చెయ్యాలి. టెస్టు చెయ్యకుండా మారిస్తే కంపెనీ ఊరుకోదు. కౌంటరు వెనక సున్నం వేసిన గోడకి ఓ హోల్డరు, దాని కింద ఓ స్విచ్చి ఉంటాయి. పోయిన బల్బు ఎలాగూ వెలగదు. స్విచ్చి వేస్తే అది ఆఖరిసారి చూసింది మాత్రం గోడ మీద కనపడుతుంది, ఐదు లెక్కపెట్టేంతసేపు. రెండోసారి వేస్తే సగానికి సగం మసగ్గా వస్తుంది. మూడోసారి ఉట్టి గోడే.

చాలావరకు చూడ్డానికేమీ ఉండదు. సగం తిన్న పెరుగన్నం కంచం, కళ్లజోడు నెత్తిన పెట్టుకుని దాని కోసమే వెతుక్కుంటున్న తాతగారు, ఎక్కాల పుస్తకం మీద తల వాల్చి నిద్రపోయిన పిల్ల. బుడమేరు తర్వాత నెలంతా ఆ గోడ మీద మంచం కోళ్ల దాకా నీళ్లే. అయినా సరే, ఎవరింటి సంగతి వాళ్లది. అందుకని వెంకటప్పయ్య స్విచ్చి మీద చెయ్యి పెట్టగానే కొట్లో ఉన్నవాళ్లందరూ రోడ్డు వైపు తిరిగి నిలబడతారు. బల్బు తెచ్చినవాళ్లు కూడా తిరుగుతారు. ఎవరూ నేర్పింది కాదు, అది మర్యాద. ఎదురుగా టిఫిన్ బండి నడిపే సువార్తమ్మ ఇడ్లీ పాత్ర దగ్గర నుంచే కొట్టుకి వీపు పెట్టేది. లోపల గోడ మీద ఏం కనపడినా అది వెంకటప్పయ్య కడుపులోనే ఉండిపోయేది. పాతిక మంది కాపరాలు ఆ కడుపులో ఉన్నాయి, ఒక్కటి కూడా బయటికి రాలేదు.

మూడో లైను మేడింట్లో, పై వాటాలో రాజ్యశ్రీ ఉండేది. ముప్పై ఏళ్లుంటాయి. పుట్టిల్లు పామర్రు. మొగుడు భానుచందర్‌కి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు. మనిషి చూడ్డానికి పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, చేతికి స్టీలు వాచీ, ఎదురుపడితే "బాగున్నారా అండీ" అని ముందు తనే పలకరిస్తాడు. పిల్లల్లేరు.

ఫిబ్రవరిలో రాజ్యశ్రీ మొదటిసారి బల్బు తెచ్చింది.

"బాబాయిగారూ, ఇది పోయింది. వారంటీలోనే ఉంది."

"ఉంటే ఉందమ్మా, లేకపోతే నేను లేనా?" అని నవ్వుతూ తారీఖు చూసి హోల్డర్లో పెట్టాడు. అందరూ రోడ్డు వైపు తిరిగారు. రాజ్యశ్రీ తిరగలేదు.

గోడ మీద వంటగట్టు కనపడింది. గట్టు రాయికి నొక్కిపెట్టిన ఓ మొహం, ఆ జుట్టు పట్టుకున్న ఓ చెయ్యి, ఆ చేతికి స్టీలు వాచీ. ఐదు లెక్కపెట్టేంతసేపు ఉండి పోయింది. వెంకటప్పయ్య ఇటు చూస్తే రాజ్యశ్రీ ఆయన్నే చూస్తోంది. ఏదో అడగబోతున్నట్టు పెదాలు కదిలాయి.

"పోయిందమ్మా, నిజమే" అన్నాడు. "మార్చి ఇస్తాను."

"బాబాయిగారూ, ఆ గోడ మీద..."

"ఇంటి సంగతులు మాకెందుకు తల్లీ? బల్బు పోయిందా లేదా, అంతవరకే మా పని."

ఆవిడకి కుర్చీ వేయించాడు. ఫ్రిజ్జులోంచి చల్లటి నీళ్ల సీసా తీసిచ్చాడు. కంపెనీ రూలు ప్రకారం పాత తారీఖే వెయ్యాలి గానీ, కొత్త తారీఖు వేసి రెండేళ్లు మళ్లీ మొదట్నుంచి ఇచ్చాడు. ఇంకేం చెయ్యగలడు? వెళ్లి మొగుణ్ణి నిలదీస్తాడా? 'నా పెళ్లాంతో నీకేం పని' అంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? రేపు ఇంకొకళ్లు ఈ కొట్లో బల్బు పెడతారా? ఇలా రాత్రి అన్నం ముందు కూర్చుని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. నచ్చింది కూడా, అదే పాపం.

మార్చిలో ఆవిడ ఇంకో బల్బు తెచ్చింది. ఈసారి స్విచ్చి వేసినప్పుడు వెంకటప్పయ్య గోడ వైపు చూడలేదు. బల్బు నడుం మీద తన చేతిరాతే చూస్తూ మనసులో ఐదు లెక్కపెట్టాడు. గోడ మీద ఏముందో ఆయనకి తెలీదు. తెలుసుకోకూడదనే చూడలేదు.

"మీ ఇంట్లో వోల్టేజీ ఎక్కువొస్తున్నట్టుందమ్మా" అన్నాడు. "మా యేసుకుమార్‌ని పంపిస్తాను, లైనంతా చూసి పెడతాడు. డబ్బులేం వద్దు."

యేసుకుమార్ ఎలక్ట్రీషియను. వెళ్లి గంటసేపు మీటరు దగ్గర నుంచి వంటింటి దాకా చూసి వచ్చాడు. కొట్టు మెట్టు మీద కూర్చుని చెప్పులు దులుపుకుంటూ అన్నాడు, "వైరింగ్ బాగానే ఉంది గురువుగారూ. ఇల్లే బాగోలేదు."

"కంపెనీ మారుద్దాంలే" అన్నాడు వెంకటప్పయ్య, రెండో మాట విననట్టు.

కంపెనీ మార్చాడు. మూడోసారి వోల్టేజీ సర్జు తట్టుకునే రకం ఇచ్చాడు. నాలుగోసారి ఇంకా ఖరీదైనది పాత దాని లెక్కలోనే ఇచ్చాడు. ఏ రకం ఇచ్చినా ఆ ఇంట్లో బల్బు రెండు నెలలు తిరక్కుండా కన్ను మూసేది. ప్రతిసారీ కుర్చీ, చల్లటి నీళ్లు, కొత్త తారీఖు. ఇంత మంచి సర్వీసు విజయవాడలో ఎక్కడా దొరకదు, ఒట్టు. పాత బల్బులు సోమవారం సోమవారం డిస్ట్రిబ్యూటరు మనిషి అట్టపెట్టెలో వేసుకుని గన్నవరం డిపోకి తీసుకుపోయేవాడు. అక్కడ వాటిని మిషన్లో వేసి పిండి చేస్తారు.

ఐదోసారి జూలైలో వచ్చింది రాజ్యశ్రీ. ఎండ లేకపోయినా చెంగు తల మీదుగా ఎడమ చెంప దాకా లాక్కుని ఉంది. ఆయన స్విచ్చి మీద వేలు పెట్టాడు.

"బాబాయిగారూ, ఒక్కసారి తలెత్తి చూడండి."

గొంతు చాలా నెమ్మదిగా ఉంది. కొట్లో ఇంకెవరికీ వినపడలేదు. వెంకటప్పయ్యకి వినపడింది. తల ఎత్తలేదు. పెన్ను రాయనట్టు రెండో పెన్ను వెతుక్కున్నాడు. అది కూడా రాయనట్టు విదిలించాడు. ఈలోపు గోడ మామూలు గోడ అయిపోయింది. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు, నీళ్లు తాగలేదు. కొత్త బల్బు తీసుకుని, తారీఖు కూడా చూసుకోకుండా వెళ్లిపోయింది. ఆయనకి సిగ్గేసింది. అయినా మర్నాడు ఎనిమిదిన్నరకి షట్టరు ఎత్తి, అమ్మ ఫొటోకి దణ్ణం పెట్టి, పెన్నులు పెట్టుకుని కూర్చున్నాడు.

నాలుగు రోజులు పోయాయి. రాత్రి మొదలైన ముసురు పొద్దున పదయినా వదల్లేదు. కొట్లో రిటైర్డు టీచరు హనుమయ్యగారు ఫ్యాన్ రెగ్యులేటరు కోసం వచ్చి నిలబడ్డారు. యేసుకుమార్ వానకి పని దొరక్క బల్ల మీద కూర్చున్నాడు. సువార్తమ్మ బండి మీది బల్బు మార్పించుకుందామని, చేతిలో అట్లకాడతోనే, పట్టా కింద నుంచి తడుస్తూ వచ్చింది. అప్పుడు భానుచందర్ గొడుగు మడిచి లోపలికొచ్చాడు. చేతిలో బల్బు ఉంది.

"ఏంటండీ ఇది, నాలుగు రోజులకే పోయింది? గోదాం గదిలో పెట్టాం. లైటు లేకపోతే స్టాకు కనపడి చావట్లేదు."

భానుచందర్ ఇంట్లో వెనక గది నిండా స్పేర్ పార్టుల అట్టపెట్టెలుంటాయని వీధంతటికీ తెలుసు.

"అమ్మాయి రాలేదే?" అన్నాడు వెంకటప్పయ్య.

"పామర్రు వెళ్లిందండీ. వాళ్లమ్మకి బాగోలేదని కబురొస్తేనూ." గొడుగు కౌంటరుకి ఆనించాడు. తర్వాత ముందుకి వంగి, గొంతు తగ్గించి, వెంకటప్పయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "నేను అందరితోనూ అంటుంటానండీ. సర్వీసంటే వెంకటప్పయ్యగారిదే అని. ఎన్నిసార్లు తెచ్చినా మారుస్తారు, ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉంచుతారు. మీలాంటి పెద్దమనుషులుండాలి."

భుజం మీద ఉన్న ఆ చేతికి స్టీలు వాచీ ఉంది.

ఐదు నెలలుగా వెంకటప్పయ్య ఏం చెయ్యలేదో అదంతా ఆ ఒక్క మాటలో ఆయన మొహాన కొట్టినట్టయింది. తను తప్పుకుంటున్నాననుకున్నాడు. కాదు, వీడికి తోడుంటున్నాడు. వీడికి ఆ సంగతి తెలుసు. కూతురు వరసైన పిల్ల ఐదుసార్లు గుమ్మంలోకొచ్చి ఫిర్యాదు చేస్తే, ఐదుసార్లూ బల్బు మార్చి పంపించాడు.

బల్బు హోల్డర్లో పెట్టాడు. అందరూ రోడ్డు వైపు తిరిగారు. భానుచందర్ కూడా తిరిగి, ఫోన్ తీసి వానని ఫొటో తీసుకుంటున్నాడు. ఆ మర్యాద మీద అతనికి అంత నమ్మకం.

వెంకటప్పయ్య స్విచ్చి వేసి తలెత్తాడు.

అట్టపెట్టెల మధ్య, నేల మీద, రాజ్యశ్రీ. కూర్చుందని చెప్పడానికి లేదు, పడి ఉందని చెప్పడానికి లేదు. పెట్టెకి ఆనుకుని ఓ పక్కకి ఒరిగిపోయింది. చెవి నుంచి మెడ దాకా నల్లగా చార కట్టి ఉంది. ఎడం చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. సూటిగా పైకి, బల్బులోకి చూస్తోంది. అది ఆరిపోతుందని, ఎప్పటికైనా ఈ కొట్టుకొస్తుందని ఆవిడకి తెలుసు. కుడి చెయ్యి బల్బు వైపు ఎత్తి, ఐదు వేళ్లూ విప్పి చూపిస్తోంది. ఐదుసార్లు వచ్చాను బాబాయిగారూ, అని.

గోడ తెల్లబడింది.

"పోయిందిగా?" అన్నాడు భానుచందర్, వెనక్కి తిరక్కుండానే.

"కాంటాక్టు సరిగా అందలేదండీ. ఇంకోసారి వేస్తాను." రెండోసారి సగమే వస్తుంది, మూడోసారి అది కూడా రాదు. ఇదొక్కటే మిగిలింది.

"సువార్తమ్మా, ఇటు తిరుగు" అన్నాడు. "హనుమయ్యగారూ, మీరూ తిరగండి. ఒరేయ్ యేసూ, గోడ వైపు చూడు. అందరూ ఇటు తిరగండి!"

ఆ కొట్లో అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. హనుమయ్యగారు తడిసిన రోడ్డు వైపే చూస్తూ అలాగే నిలబడిపోయారు. సువార్తమ్మ చెంగుతో మొహం తుడుచుకుని తిరిగింది. యేసుకుమార్ లేచి నిలబడ్డాడు. భానుచందర్‌కి విషయం అర్థమై, "ఏయ్, ఏంటిది?" అంటూ కౌంటరు మీదుగా వంగి హోల్డర్లోని బల్బు లాక్కోబోయాడు. వెంకటప్పయ్య ఒళ్లంతా అడ్డం పెట్టి స్విచ్చి నొక్కాడు.

మసగ్గానే వచ్చింది. అయినా చాలింది.

"ఓరి దేవుడా, మన రాజ్యశ్రీ కదా!" అని అరిచింది సువార్తమ్మ. "పామర్రు అన్నావేంట్రా సచ్చినోడా! ఇంట్లోనే పెట్టి తాళం వేశావా?"

భానుచందర్ వెంకటప్పయ్య చొక్కా పట్టుకోబోతే సువార్తమ్మ అట్లకాడ ఎత్తింది. బండి, పెనం మీద మాడుతున్న అట్టు, అన్నీ అలాగే వదిలేసి వానలో మూడో లైను వైపు పరుగెత్తింది. వెనక యేసుకుమార్ టూల్ బ్యాగుతో పరుగెత్తాడు. తాళం బద్దలు కొట్టడానికి పెద్దసేపు పట్టలేదు.

బతికింది. ఇంకో పూట ఆలస్యమైతే చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టరు. ఎడమ చెవి మాత్రం మళ్లీ వినపడదన్నాడు. మణికట్టుకి రెండుసార్లు ఆపరేషను చేశారు.

భానుచందర్‌ని స్టేషన్లో కూర్చోబెట్టి, కేసు రాయడానికి ఎస్సైగారు కొట్టుకొచ్చి బల్బు వేసి చూపించమన్నారు. మూడోసారి కదా, ఉట్టి గోడే కనపడింది. ఆయన తలూపి, అయితే చూసినవాళ్లు చెప్పండన్నారు. హనుమయ్యగారు "నేను రోడ్డు వైపు చూస్తున్నానండీ, అది మర్యాద కదా" అన్నారు. అబద్ధం కాదు. సువార్తమ్మ, యేసుకుమార్ చూసింది చూసినట్టు చెప్పి సంతకాలు పెట్టారు. వెంకటప్పయ్య కూడా చెప్పాడు. ఫిబ్రవరి సంగతి కూడా చెప్పాడు. ఎస్సైగారు రాయడం ఆపి ఆయన మొహంలోకి చూశారు. ఆ చూపు వెంకటప్పయ్య జన్మలో మర్చిపోడు.

ఆ తర్వాత ఆయన కొట్లో ఓ అట్ట రాసి కట్టాడు. టెస్టు చేసేటప్పుడు ఎవరూ తిరగనక్కర్లేదు, అని. జనం అది చదువుకున్నారు. మెల్లిమెల్లిగా రావడం మానేశారు. రెండు వీధుల అవతల కొత్త కొట్టులో పోయిన బల్బుని చూడకుండానే డబ్బాలో పడేస్తారు, వారంటీ మాటెత్తరు, అయినా అక్కడికే వెళ్తున్నారు. హనుమయ్యగారు రెగ్యులేటరు కూడా అక్కడే కొన్నారు. సువార్తమ్మ ఒక్కతే "ఎవరింట్లో ఏం దాచుకున్నారో, ఎంత భయమో చూడండి" అని రోడ్డంతా వినపడేలా అంటుంది. సోమవారం డిస్ట్రిబ్యూటరు మనిషి వస్తే ఇవ్వడానికి పాత బల్బులు రెండు మూడు కూడా ఉండట్లేదు.

భానుచందర్ తెచ్చిన బల్బుకి మారు బల్బు ఇవ్వాలి కదా. అది యేసుకుమార్‌తో పామర్రు పంపించాడు, రాజ్యశ్రీ అద్దెకున్న గదికి. ఆవిడ అక్కడ ఓ చీరల కొట్లో పెడన నుంచి వచ్చే సరుకు మడతలు పెట్టే పనిలో చేరింది.

డిసెంబరులో ఓ మధ్యాహ్నం రాజ్యశ్రీ వచ్చింది. కొట్లో ఎవరూ లేరు. సన్నబడింది. కౌంటరు మీద బల్బు పెట్టి, కుడి చెవి ఆయన వైపుండేలా కొంచెం పక్కకి తిరిగి నిలబడింది.

"ఇది పోయిందండీ."

బాబాయిగారూ అనలేదు. ఆయనకి అది గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే.

బల్బు హోల్డర్లో పెట్టాడు. స్విచ్చి వేసి తలెత్తాడు. ఆవిడ కూడా గోడ వైపే చూసింది. చిన్న గది. తలుపుకి అడ్డంగా జరిపిన ఇనప పెట్టె, దాని మీద రుబ్బురోలు పొత్రం. చాప మీద రాజ్యశ్రీ, లైటు వైపు మొహం పెట్టి, దుప్పటి గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతోంది. ఇంకెవరూ లేరు. ఐదు లెక్కపెట్టేంతసేపూ ఆ దుప్పటి పైకీ కిందకీ కదులుతూనే ఉంది.

"లైటు ఆర్పకుండానే పడుకుంటున్నావా అమ్మా?"

"ఆర్పితే నిద్ర పట్టదండీ."

ఆయన కొత్త బల్బు తీశాడు. పెన్ను మూత తీసి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"నేను ఫిబ్రవరిలోనే చూశానమ్మా. మొదటి బల్బే."

"తెలుసండీ" అంది రాజ్యశ్రీ. "మీరు చూడటం నేను చూశాను కదా."

కోపంగా కూడా అనలేదు ఆవిడ. అంటే బాగుండేది.

"తారీఖు వెయ్యండి" అంది. "నాలుగింటికి బస్సుంది."

వేశాడు. కింద 'వెం' వంకరగా వచ్చింది. ఆవిడ బల్బు అందుకుని, తారీఖు సరిగ్గా ఉందో లేదో వెలుతుర్లో పెట్టి చూసుకుని, సంచిలో చీర మడతల మధ్య పెట్టుకుంది. మెట్టు దిగి వెళ్లిపోయింది. ఆవిడ మలుపు తిరిగేదాకా వెంకటప్పయ్య రోడ్డు వైపు చూడలేక, ఆ గోడ వైపే తిరిగి కూర్చున్నాడు.